వాడి మాట పూర్తయ్యేదాకా ఆగినందుకు

శనివారం చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు వైపు పార్కులో కొత్త రోలర్ కోస్టర్ మొదలుపెట్టిన రోజు, లైన్‌లో మా ముందు నిలబడ్డ ముగ్గురు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పేర్లు అడగడం మర్చిపోయాను. మెకానికల్ మూడో ఏడాది చదువుతున్న గూడూరు తమ్ముడు, బూడిద రంగు టోపీ పెట్టుకున్నాడు, అతనితో వచ్చిన ఇద్దరమ్మాయిలు. వాళ్లు మీకు తెలిస్తే దయచేసి ఇది వాళ్లదాకా చేర్చండి.

మా వాడికి పదకొండేళ్లు. నత్తి ఉంది. 'ర', 'క' అక్షరాలతో మొదలయ్యే మాటలైతే మరీ కష్టం, వాడికి లోకంలో అన్నింటికన్నా ఇష్టమైనదేమో రోలర్ కోస్టర్. ఆ రెండు మాటలూ నోట్లోంచి బయటికి రావడానికి వాడు ఎంత తంటాలు పడతాడో చూస్తే నా గొంతు పట్టేస్తుంది. థెరపీకి తీసుకెళ్లినప్పుడు మాకు మొట్టమొదట చెప్పిన మాట, వాడి బదులు మీరు మాట పూర్తి చేయకండి, తొందర పెట్టకండి, చెప్పేదాకా ఆగండి అని. కన్నవాళ్లం మేమే సగం సార్లు మర్చిపోతాం.

జూన్ నుంచి తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టుకుంటూ వచ్చాడు, 140 సెంటీమీటర్లు దాటితేనే ఎక్కనిస్తారని. దాటాడు. తీరా ఆరోజు పొద్దున ఏడింటికి మా ఆయనకు ఆఫీసు నుంచి ఫోన్, రావడానికి కుదరలేదు. నాకు ఐదో నెల, నేను ఎక్కకూడదు. ఇద్దరమే వెళ్లాం. లైన్‌లోకి వచ్చాక "ఒక్కణ్ణే ఎక్కనమ్మా, ఇంటికెళ్దాం" అన్నాడు. ఎత్తుకు భయపడి కాదు. అక్కడ ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని.

మా తెలుగు విని ఆ తమ్ముడు వెనక్కి తిరిగాడు. "ఏ ఊరక్కా?" అన్నాడు. కావలి అన్నాను. (చిన్నప్పుడు మా నాన్న మమ్మల్ని బస్సెక్కించి ఇక్కడి వీజీపీ పార్కుకు తీసుకొచ్చేవాడు, అక్కడ విగ్రహంలా కదలకుండా నిలబడే మనిషిని నవ్వించాలని మేం చేయని పని లేదు.) తర్వాత మావాడి వైపు తిరిగి, "ఇది పట్టాల కింద కాళ్లు గాల్లో వేలాడేసుకుని కూర్చునే రకం కదా, ఇలాంటిది మొదట ఎక్కడ కట్టారో నీకు తెలుసా?" అని అడిగాడు.

అంతే. మావాడు మొదలుపెట్టాడు. 1992లో అమెరికాలో, షికాగో దగ్గర సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో, స్విట్జర్లాండ్‌కు చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్ వాళ్లు కట్టారని. ఎప్పుడో 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో, బండి తలకిందులయ్యే లూప్‌ను పూర్తి గుండ్రంగా కడితే, బండి అందులోకి దూరేటప్పుడు ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవని. ఇదంతా చెప్పడానికి వాడికి చాలాసేపు పట్టింది. ముగ్గురిలో ఒక్కరు కూడా ఫోన్ వైపు చూడలేదు, ఒక్కరు కూడా మాట అందించలేదు. వాడు 'క' దగ్గర ఆగిపోయినప్పుడు వాళ్లూ ఆగారు. చెప్పడం అయ్యాక ఒకమ్మాయి "మరి ఇప్పుడెందుకు పట్టేయడం లేదు?" అని అడిగింది. ఆ అమ్మాయికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది, ముఖంలో కనిపించింది. తమ్ముడు టికెట్ వెనక లూప్ బొమ్మ గీశాడు, కింద వేగం ఎక్కువ కాబట్టి అక్కడ వంపు వెడల్పుగా ఉండాలి, పైన వేగం తగ్గుతుంది కాబట్టి అక్కడ ఇరుకుగా ఉన్నా ఫరవాలేదని. మావాడు పెన్ను లాక్కుని ఆ బొమ్మను సరిచేశాడు! నీటిబొట్టు ఆకారమని, 1976లో కాలిఫోర్నియాలో కట్టిన కోస్టర్‌కు వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీర్ అలా గీశాడని చెప్పాడు. బయటివాళ్లతో వాడు అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యలో జల్లు పడి రైడ్ ఆపారు. ఖాళీ బండిని ఒకసారి తిప్పి చూసి గానీ మళ్లీ ఎక్కించలేదు. అప్పుడు నాకు స్టూలు తెచ్చి వేసిన అబ్బాయికి, "ఉక్కారుమ్మా" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టి తన మజ్జిగ ప్యాకెట్ ఇచ్చేసిన తమిళ పెద్దావిడకు కూడా చేతులెత్తి నమస్కారం.

వరుసకు నాలుగు సీట్లు. వాళ్లు ముగ్గురు. "నాలుగో సీటు నీదే రా" అన్నాడు తమ్ముడు. పైన రైడ్ ఎక్కించేవాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పింది కూడా మావాడే, ఎత్తు ఎంతో, జేబులో ఏమున్నాయో. ముగ్గురూ పక్కనే నిలబడి వాణ్ణి చెప్పనిచ్చారు. నేను కింద నుంచి చూస్తున్నాను, గొలుసు టకటకమంటూ బండిని పైకి లాగుతుంటే ఎనిమిది కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి, అందులో రెండు మావాడివి.

దిగగానే నా ఫోన్ తీసుకుని వాళ్ల నాన్నకు చేశాడు. "నాన్నా, ర... ర..." అంటూ మొదలుపెట్టాడు. ఆ ముగ్గురికీ ఇంకా రెండు రైడ్లు మిగిలి ఉన్నాయి, టైమ్ అయిపోతోంది. అయినా వాడి బ్యాగు పట్టుకుని, వాడు ఫోన్ పెట్టేసేదాకా అక్కడే ఉన్నారు.

తమ్ముడూ, నువ్వు బొమ్మ గీసిన టికెట్ మావాడు సైన్స్ నోట్‌బుక్‌లో అంటించుకున్నాడు. నాన్నకు సెలవు దొరికాక ఇంకోసారి వెళ్దామంటున్నాడు. మీరు ముగ్గురూ వస్తామంటే టికెట్లు మావి. ఈసారి మొదటి వరుసే కావాలట, దాని కోసం ఎంతసేపైనా నిలబడతాడట.