పెద్దన్న వెళ్ళిపోయాక మన బోర్ల సంగతి

అందరికీ నమస్తే. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వైపు బోరు మోటారు పనికి మమ్మల్ని పిలిచేవాళ్ళందరికీ ఒక విషయం చెప్పాలి. ఈ మధ్య మీ పని మునుపటిలా లేదేంటని చాలామంది అడుగుతున్నారు. నిజమే, లేదు.

మీలో చాలామందికి మా పేరు తెలియకపోయినా మా సీనియర్ మెకానిక్ తెలుసు. మేమందరం పెద్దన్న అంటాం. 17 ఏళ్ళు మాతో చేసి, మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, సంక్రాంతికి ఊరెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆయన తప్పేం లేదు. రెండేళ్ళ ముందు నుంచే చెప్తూనే ఉన్నాడు, నేనే చూద్దాంలే చూద్దాంలే అని జరిపాను. ఆయనతో పాటు ఏం వెళ్ళిపోతుందో ఫిబ్రవరిలో గానీ నాకు అర్థం కాలేదు.

నేరేడ్‌మెట్‌లో 26 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి. మోటారు కాలిపోతే కొత్తది దించడానికి వెళ్ళాం. మా బిల్లు పుస్తకంలో 5 హెచ్‌పీ, 21 పైపులు అని ఉంది, అంటే పైపుకి 20 అడుగుల లెక్కన 420 అడుగులు. అంతా పుస్తకం ప్రకారమే చేశారు మా పిల్లలు. పదహారో పైపు దిగేటప్పుడు మోటారు ఇరుక్కుపోయింది, పైకీ రాదు కిందికీ పోదు. మన హైదరాబాద్ బోర్లలో కేసింగ్, అంటే మట్టి కూలకుండా వేసే గొట్టం, పైన కొంత లోతు దాకే, కింద అంతా ఒట్టి రాయే కదా, ఆ లోతులో ఒక రాయి పక్కకి పొడుచుకొచ్చి ఉంది. పెద్దన్నకి అది తెలుసు. అక్కడికి రాగానే చైన్ పుల్లీ ఆపించి, పైపు రెంచ్‌తో కొంచెం తిప్పి, మోటారుని రాయి పక్క నుంచి జార్చేవాడట. ఇది ఏ బిల్లులో ఉంటుంది?

రాత్రి 9 గంటలకి ఫోన్ చేశాను. అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడట. "కుడి వైపుకే తిప్పండి తమ్మీ, ఎడమకి తిప్పితే జాయింట్ ఊడి మొత్తం కిందికి పోతది" అన్నాడు. నిజానికి అప్పటికే మావాడు ఒకడు ఎడమకి తిప్పడానికి రెంచ్ వేసి ఉన్నాడు. ఆ మోటారు బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది, ఆరు ట్యాంకర్ల డబ్బు మేమే కట్టాం. డబ్బు కట్టాం గానీ, ఆ రెండు రోజులు బకెట్లు మోసిన పెద్దవాళ్ళకి ఏం చెప్తాం, క్షమించండి అని తప్ప.

ఆ తర్వాత కూర్చుని పెద్దన్నకి తెలిసిందంతా రాయించుకుందామని మొదలుపెట్టాను. "నీకు తెలిసినవన్నీ చెప్పన్నా" అంటే "ఏముంది, మోటారు దించుడు, ఎత్తుడు" అన్నాడు. అంతే. పది నిమిషాల్లో అయిపోయింది ఇంటర్వ్యూ. తర్వాత ఊరికే "సఫిల్‌గూడలో ఆ పసుపు రంగు అపార్ట్‌మెంట్ గుర్తుందా" అన్నాను చూడండి, ఇరవై నిమిషాలు ఆగలేదు. అక్కడ బోర్లో మే నెలలో నీళ్ళు గంటకి మించి రావు, పైన ప్యానెల్లో ఆంపియర్లు తగ్గడం మొదలైతే నీళ్ళు కిందికి పోతున్నట్టే, అప్పుడే ఆపాలి, లేకపోతే మోటారు నీళ్ళు లేక తిరిగి కాలుతుంది. ఇది ఆయనకి విద్య అనిపించదు, ఆ ఇంటి కథ అనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ఒక్కో అడ్రస్ చెప్పి అడుగుతున్నాం, వాయిస్ మెసేజ్ పెడతాడు, మా పాప టైప్ చేస్తుంది. ఫ్రీగా కాదు, నెలనెలా డబ్బు పంపుతున్నాను.

మా అబ్బాయి ఒకటి చెప్పాడు. అమెరికాలో అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థం తయారీ 1989 దాకా నడిచి ఆగిపోయిందట. తర్వాత మళ్ళీ కావాల్సి వస్తే రికార్డులు అంతంతమాత్రం, చేసినవాళ్ళు దాదాపు అందరూ రిటైరో, మానేయడమో అయిపోయారు. ఆ చిక్కులు తీర్చడానికే 6.9 కోట్ల డాలర్లు పోశారని 2009లో వాళ్ళ ఆడిటర్లే రాశారు. చివరికి తేలిందేంటంటే, పాత రోజుల్లో ముడిసరుకులో ఉన్న ఒక మలినం వల్లే ఆ పదార్థం సరిగ్గా కుదిరేదట, ఆ సంగతి అప్పట్లో చేసినవాళ్ళకే తెలియదు. అంత పెద్ద దేశానికే ఆ గతి పడితే మన రేకుల షెడ్డు ఎంత అని నవ్వుకున్నాను గానీ, లోపల భయమేసింది.

ఇకనుంచి చేసేది చెప్తాను. ప్రతి బోరుకీ ఒక కార్డు రాసి మీ ప్యానెల్ బాక్సు లోపల అంటిస్తాం: లోతు, పైపులు, హెచ్‌పీ, స్టేజీలు (పంపులో నీళ్ళని పైకి తోసే చక్రాలు ఎన్ని), నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఎన్ని ఆంపియర్లు, ఎక్కడ జాగ్రత్త. రేపు మీరు మమ్మల్ని కాదని వేరేవాళ్ళని పిలుచుకున్నా ఆ కార్డు మీదే. మా బావమరిది దీన్ని పిచ్చిపని అన్నాడు, కస్టమర్‌ని మనమే పంపించేస్తున్నాం అన్నాడు. కావచ్చు. మీ బోరు సంగతి మీ దగ్గర లేకుండా మా దగ్గరే దాచుకుని నేను బాగుపడింది ఏమీ లేదు, ఫిబ్రవరిలో చూశాం కదా. ఇంకోటి, ఏ పనికైనా ఇద్దరు వస్తారు, ఒక పాతవాడు, ఒక కొత్తవాడు. కూలీ మాత్రం పాతదే.

మా లిస్టులో 340 బోర్లు ఉన్నాయి, ఇప్పటికి 130 దాకా రాశాం. మిగతావాటికి వచ్చినప్పుడు పైపులు ఒక్కొక్కటే చూసుకుంటూ దించుతాం కాబట్టి ఒక పూట ఎక్కువ పడుతుంది, తిట్టుకోకండి. పాత బిల్లులు ఉంటే ఫోటో పంపండి. వాచ్‌మెన్‌ని కూడా అడగండి, కమిటీ ప్రెసిడెంట్ల కంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

మొన్న ఆనంద్‌బాగ్‌లో ఒక మోటారు రూములో తలుపు వెనక గోడ మీద బొగ్గుతో "18 పైపు, 14 కాడ మెల్లగ" అని కనబడింది. చేతిరాత పెద్దన్నది. ఫోన్ చేసి అడిగితే "అవును, మస్తు చోట్ల రాసిన, మర్చిపోయిన" అన్నాడు. మీ మోటారు రూములో కూడా తలుపు వెనక ఒకసారి టార్చి వేసి చూడండి. పండగకో పెళ్ళికో సున్నం కొట్టించే ఆలోచన ఉంటే, ముందు ఫోటో తీసి పంపండి.