సంఘం పుస్తకం రాయడం కూడా పనేనని నాకు చెప్పినవాళ్లకు

మొన్న నా అకౌంట్లో మొదటి జీతం పడింది, 14,000. మెసేజ్ చూసుకుని గోడౌన్ వెనక్కి వెళ్లి అమ్మకు ఫోన్ చేస్తే "అన్నం తిన్నావా" అని అడిగింది, తిన్నానన్నాను, ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. థ్యాంక్స్ చెప్పాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. ఎదురుగా చెప్పబోతే "పోవే, ఇందులో ఏముంది" అని కొట్టిపారేస్తారు, అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2025లో బీకాం కంప్యూటర్స్ పూర్తయింది. ఆ తర్వాత ఏడు నెలలు ఉద్యోగం కోసం తిరిగాను. ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలయ్యాక ఆధార్ చూపిస్తే ఛార్జీ లేకుండా బస్సులో విజయవాడ వెళ్లి రాగలిగాను, లేకపోతే అన్నిసార్లు ఇంట్లో డబ్బులు అడగడానికి నాకు మొహం చెల్లేది కాదు. వెళ్లిన ప్రతిచోటా ముందు ఒకటే ప్రశ్న, ఎక్స్‌పీరియన్స్ ఎంత? ఫ్రెషర్లు కూడా రావచ్చు అని ప్రకటనలో ఉన్నచోట కూడా తీరా కూర్చున్నాక "కనీసం ఆరు నెలలైనా ఎక్కడో ఒకచోట చేసి ఉండాలమ్మా" అనేవారు. ఆ మొదటి ఆరు నెలలు ఎవరిస్తారో ఎవరూ చెప్పరు. డిగ్రీలో మాకు ఇంటర్న్‌షిప్ ఉంది, కానీ నిజం చెప్పాలి కదా, నేను సర్టిఫికెట్ కోసం రిపోర్టు రాసి ఇచ్చాను తప్ప పని నేర్చుకోలేదు. దాని గురించి ఎవరైనా రెండో ప్రశ్న వేస్తే నా దగ్గర జవాబు లేదు.

ముందుగా నేను థ్యాంక్స్ చెప్పాల్సింది నాకు ఉద్యోగం ఇవ్వని ఒక మేడమ్‌కి. గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ. బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కనీ మన లెక్కనీ సరిచూడటం) అంటే ఏంటి అని అడిగారు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పుడు ఒక బ్యాంకు స్టేట్‌మెంట్, ఒక లెడ్జర్ పేజీ నా ముందు పెట్టి "రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టు" అన్నారు. ఇరవై నిమిషాలు చూశాను. చేతులు చల్లబడ్డాయి, ఒక్క అంకె కూడా బుర్రకెక్కలేదు. మూడు రోజులు ఆగి, ఆ ఉద్యోగం రాదని తెలిసినా ధైర్యం చేసి ఫోన్ చేసి "మేడమ్, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్తారా" అని అడిగాను. పెట్టేస్తారనుకున్నాను. పది నిమిషాలు మాట్లాడారు. "నీకు నిర్వచనం బాగా వచ్చు, కాగితం చూడటం రాలేదు. ముందు రెండు కాగితాల్లోనూ ఉన్నవాటికి టిక్ పెట్టుకుంటూ వెళ్లు, టిక్ పడనివే తేడా. ఎక్కడైనా నిజమైన బిల్లులు దొరికితే నెలరోజులు వాటి మీద కూర్చో" అన్నారు. మేడమ్, మీరు ఇది చదువుతారో లేదో తెలియదు. ఏడు నెలల్లో నాకు కారణం చెప్పింది మీరొక్కరే, మిగతావాళ్లంతా "చెప్తాం" అన్నవాళ్లే.

ఆ రోజు సాయంత్రం మా వీధి చివర అరుగు మీద క్యాషియర్ బాబాయిగారు కూర్చుని ఉన్నారు. బ్యాంకులో క్యాషియర్‌గా రిటైర్ అయ్యారు, ఊళ్లో అందరం అలాగే పిలుస్తాం. ఏమైందమ్మా అంటే మేడమ్ చెప్పిందంతా చెప్పాను. రెజ్యూమే చూపించమన్నారు. పైన మొదటి లైనే "ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడటం" అని ఉంటుంది కదా, అందరి రెజ్యూమేల్లో ఉండేదే.

"ఇది నువ్వు రాశావా?"

"నెట్‌లో చూసి రాశాను బాబాయిగారూ."

"అయితే ఇది నీ గురించి కాదు. కాలేజీ సంగతి పక్కన పెట్టు, నువ్వు నిజంగా చేసిన లెక్కలు ఏమున్నాయో చెప్పు."

ఏమీ లేవన్నాను. కాసేపు అడిగాక, అమ్మ వాళ్ల డ్వాక్రా సంఘం పుస్తకాలు ఇంటర్ సెకండ్ ఇయర్ నుంచి నేనే రాస్తున్నానని నోట్లోంచి వచ్చింది. అది కూడా "అది తప్ప ఇంకేం చేయలేదు" అన్నట్టు చెప్పాను. ఆయన వెంటనే "పుస్తకాలు పట్రా" అన్నారు.

సంఘంలో 12 మంది. ఎవరు ఎంత పొదుపు కట్టారు, లోపల ఎవరికి ఎంత అప్పిచ్చారు, నూటికి రూపాయి వడ్డీ చొప్పున ఎవరి నుంచి ఎంత రావాలి, బ్యాంకు లోను వాయిదా ఎంత కట్టాం, ఎవరి వ్యక్తిగత పుస్తకంలో ఏం రాశాం, మీటింగులో ఏ తీర్మానం చేశాం, ఇవన్నీ నాలుగేళ్లుగా నా చేతిరాతలోనే ఉన్నాయి. బాబాయిగారు గంటసేపు ఒక్కో పేజీ తిప్పుతూ ప్రశ్నలు వేశారు. ఒకచోట ఆగి "ఈ 354 ఏంటి?" అన్నారు.

ఆ 354 రూపాయల కోసం ఒకసారి సంఘంలో పెద్ద గొడవైంది. బ్యాంకు పాస్‌పుస్తకంలో నిల్వకీ మా పుస్తకంలో నిల్వకీ అంత తేడా వచ్చింది, లీడరు అత్త తీసుకుందని ఎవరో అన్నారు, ఆవిడ ఏడ్చింది. నేను పాస్‌పుస్తకం పట్టుకుని బ్యాంకుకెళ్లి స్టేట్‌మెంట్ తీసుకుని, ఒక్కో లైనూ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వస్తే చివరికి దొరికింది. బ్యాంకు ఏదో ఛార్జీ 300, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 54. తర్వాతి మీటింగులో అందరికీ చూపించి పుస్తకంలో ఖర్చు కింద రాశాను.

బాబాయిగారు కళ్లద్దాలు తీసి "పిచ్చితల్లీ, ఆ మేడమ్ నిన్ను అడిగింది ఇదే కదా" అన్నారు.

ఆ క్షణం నాకు ఎలా అనిపించిందో సరిగ్గా రాయలేకపోతున్నాను. చేతకాదని ఏడుస్తూ వచ్చిన పని నేను ఎప్పుడో చేసేశాను, దానికి ఆ పేరుందని తెలియదంతే. ఆ రాత్రే రెజ్యూమేలో పై లైన్లు కొట్టేసి "12 మంది సభ్యుల పొదుపు సంఘానికి నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. పొదుపు, అంతర్గత అప్పులు, వడ్డీ, బ్యాంకు వాయిదాలు, ప్రతి నెలా పాస్‌పుస్తకంతో సరిచూడటం" అని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ఆయనే చెప్పారు. ఒక్క అబద్ధం లేదు అందులో. పుస్తకంలో రెండు పేజీలు జిరాక్స్ తీసి, సభ్యుల పేర్ల మీద కాగితం అంటించి ఫైల్లో పెట్టమన్నారు, వాళ్ల అప్పుల సంగతి బయటివాళ్లు చూడకూడదు కదా. అది నాకు తట్టేది కాదు.

ఇక్కడే ఇంకో రెండు సంగతులు చెప్పాలి, ఎవరికైనా పనికొస్తాయి. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 6,500 కడితే ఉద్యోగం గ్యారెంటీ అన్నారు, అమ్మ గాజులు తాకట్టు పెడదామనే దాకా వచ్చింది. బాబాయిగారు "ఉద్యోగం ఇచ్చేవాడు నీకు డబ్బివ్వాలి గానీ నీ దగ్గర తీసుకోవడమేంటి" అని గట్టిగా ఆపారు. ఇంకొకరు రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేసిస్తామన్నారు. ఆ రెండోది నన్ను చాలా రోజులు ఊరించింది, తెలిసినవాళ్లు చేశారు కూడా. వద్దని ఆపింది అక్క.

అక్క అంటే డిగ్రీ హాస్టల్లో నాకు సీనియర్, ఇప్పుడు గుంటూరులో ఆడిటర్ ఆఫీసులో చేస్తోంది. "లెటర్ చూసి సీట్లో కూర్చోబెడతారు, రెండేళ్లు చేసినదానిలా తెల్లారి పని చేయమంటారు, అప్పుడేం చేస్తావ్?" అంది. ఆ మాటతో వదిలేయలేదు, పదకొండు రోజులు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి ఇంటర్వ్యూ చేసింది. పొద్దుటి నుంచి పని చేసొచ్చి, తన అన్నం పక్కన పెట్టుకుని. మీ గురించి చెప్పండి అంటే నేను నాన్న పేరు, అమ్మ పేరు, ఊరి పేరుతో మొదలుపెట్టేదాన్ని. "అవి రెజ్యూమేలో ఉంటాయి. నీకు ఏ పని వచ్చో మొదటి నిమిషంలో చెప్పు" అనేది. ఇంగ్లిష్‌లో తడబడితే "సార్, తెలుగులో చెప్పొచ్చా అని అడుగు, కాదంటే అప్పుడు చూద్దాం" అంది. అలా అడగొచ్చని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. జీతం ఎంత అనుకుంటున్నావు అంటే "మీ ఇష్టం సార్" అనేదాన్ని, ఆ మాట మాన్పించడానికే రెండు రోజులు పట్టింది. 12 నుంచి 15 వేలు అనుకుంటున్నాను సార్ అని ఆగిపోవాలి, ఆ తర్వాత ఏమీ కలపకూడదు. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు అన్నానో.

బిల్లుల మీద కూర్చోమని మేడమ్ చెప్పారు కదా, ఆ బిల్లులు ఇచ్చింది మా ఊరి ఎరువుల కొట్టు పెదనాన్న. అక్టోబర్ నెల కొన్నవి, అమ్మినవి మొత్తం కట్ట నా చేతిలో పెట్టి, కొట్టు వెనక గదిలో బల్ల వేయించారు. కజిన్ పాత ల్యాప్‌టాప్‌లో టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎడ్యుకేషనల్ మోడ్‌లో చేశాను. అది ఉచితమే కానీ అందులో నెలలో 1, 2, 31 తేదీలు తప్ప వేరే తేదీ తీసుకోదు, అందుకని బిల్లులన్నీ ఆ మూడు తేదీల్లోనే వేసి అసలు తేదీ కింద వివరంలో రాసుకునేదాన్ని. ఎరువు బస్తాకు జీఎస్‌టీ 5 శాతం, పురుగుమందుకు 18 శాతం, ఒకే బిల్లులో రెండూ ఉంటే ఎలా వేయాలి, సరుకు వెనక్కి పంపితే ఏం వేయాలి, ఇవన్నీ అక్కడే వచ్చాయి. మూడు సంవత్సరాల డిగ్రీలో రానిది మూడు వారాల్లో వచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఒకరోజు ఒక కొనుగోలు బిల్లు ఆయన చిట్టాలో ఎక్కలేదని చూపిస్తే, చూసుకుని, "ఇక నా అసలు చిట్టా కూడా నువ్వే చూడు" అని తాళం చేతికిచ్చారు. ఆ నమ్మకానికి ఎలా థ్యాంక్స్ చెప్పాలి పెదనాన్నా?

అమ్మ సంఘం పిన్నులు, అత్తలు. విజయవాడలో హాస్టల్ అడ్వాన్సుకి, రెండు జతల బట్టలకి డబ్బు కావాల్సి వస్తే, ఉద్యోగం ఇంకా రాకముందే 10,000 అంతర్గత అప్పు ఇచ్చారు. తీర్మానం పుస్తకంలో నేనే రాయాలి కదా. "సభ్యురాలి కుమార్తె ఉద్యోగ ప్రయత్నం నిమిత్తం" అని రాస్తుంటే అక్షరాలు వంకరపోయాయి. అప్పుడెప్పుడో 354 రూపాయల గొడవలో ఏడ్చిన లీడరు అత్తే మొదటి సంతకం పెట్టింది.

డిసెంబర్‌లో గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇంటర్వ్యూ. సబ్బులు, పేస్టులు, షాంపూలు సరఫరా చేస్తారు. ఓనరు గారు, పక్కన తెల్లజుట్టు అకౌంటెంట్ గారు. ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నారు. "ఉద్యోగం చేయలేదు సార్, లెక్కలు రాశాను" అని జిరాక్స్‌లు ఇచ్చాను. అకౌంటెంట్ గారు చాలాసేపు చూసి "ఈ పెన్సిల్ గుర్తులేంటి?" అన్నారు. 354 కథ తెలుగులోనే చెప్పాను, ఎవరూ ఆపలేదు. తర్వాత సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పది బిల్లులు ఇచ్చారు, తొమ్మిది సరిగ్గా వేశాను, ఒకదానిలో సరుకు విలువ 50,000 దాటితే రవాణాకు ఈ-వే బిల్లు ఉండాలన్న సంగతి మర్చిపోయాను. చివర్లో ఒక ప్రశ్న వేశారు. సెప్టెంబర్ 22కి ముందు 18 శాతం జీఎస్‌టీ కట్టి కొన్న సబ్బులు, రేటు 5కి తగ్గాక అమ్మితే మనం ముందు కట్టిన పన్ను ఏమవుతుంది?

తెలియదు సార్, కనుక్కుని ఈ రాత్రికి చెప్తాను అన్నాను. తెలియనిది తెలియదని చెప్పడం కూడా అక్క నేర్పిందే. రాత్రి అక్కని అడిగితే, కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న క్రెడిట్ ఎక్కడికీ పోదు, మనం కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు అని చెప్పింది, అదే మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులకి రమ్మని ఫోన్ వచ్చింది. ఆ మెసేజ్ వల్ల వచ్చిందో పెన్సిల్ గుర్తుల వల్ల వచ్చిందో నేను అడగలేదు. అకౌంటెంట్ గారు మాత్రం చేరిన రోజు "మేము కూడా చేతిపుస్తకాల రోజుల్లో ఇలాగే గుర్తులు పెట్టేవాళ్లం" అన్నారు. ఇప్పుడు రోజూ ఓపిగ్గా నేర్పిస్తున్నది ఆయనే.

10వ తేదీన సంఘం మీటింగు, సెలవు అడిగి ఊరు వెళ్తున్నాను. అమ్మ ఇప్పటిదాకా నెలకి 100 వడ్డీ మాత్రమే కడుతూ వచ్చింది, ఈసారి అసలులో 2,000 నేను కడుతున్నాను, ఆ ఎంట్రీ నేనే రాస్తాను. ఆ తర్వాత పుస్తకాలు పక్కింట్లో ఇంటర్ చదువుతున్న చెల్లికి అప్పగించాలి. తను రాస్తానంది. ముందు పాస్‌పుస్తకం, పెన్సిల్ పట్టుకుని కూర్చోమన్నాను.