రుచి తెలియట్లేదన్న మాట డాక్టరు దాకా చేరాలి

సంపాదకులకు నమస్కారం.

మెదడు కణాలు దెబ్బతిని ఒంటి కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బు గురించి ఏటా ఏప్రిల్ 11న పార్కిన్సన్స్ దినం అని పత్రికల్లో వ్యాసాలు వస్తాయి, పక్కన వణుకుతున్న చెయ్యి ఫొటో వేస్తారు. వణుకు నిజమే గానీ జబ్బు అక్కడ మొదలవదు. చెయ్యి వణికే నాటికే మెదడులో కదలికలని అదుపు చేసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చాలావరకు పోయి ఉంటాయి. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే చాలామందికి వాసన తగ్గుతుంది, దాంతో తిండిలో రుచీ పోతుంది. ఒడిశాలోని మా గజపతి, రాయగడ జిల్లాల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు, అందుకే రాస్తున్నాను.

మా మేనత్త పనసపొట్టు ఆవపెట్టిన కూర వండితే వీధంతా తెలిసేది. అలాంటి మనిషి "ఏటే, ఇంత చప్పగా వండేవు" అని కోడలి మీద విసుక్కోవడం మొదలెట్టింది. పైన ఉప్పు వేసుకునేది, ఇంగువ పోపు ముక్కు దగ్గర పెట్టినా ఏమీ తెలియట్లేదనేది, కానీ ఆవ ఘాటుకి మాత్రం కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి, ఇంకేం, కావాలనే వంకలు పెడుతోందని ఇంట్లో అందరూ తేల్చేశారు. ఆవ ఘాటు, మిరప మంట మెదడుకి చేర్చే నరం వేరు, వాసన నరం వేరు. ఒకటి దెబ్బతిన్నా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. పాపం ఆవిడ చెప్పిందంతా నిజమే, ఆ కోడలి వంటలోనూ ఏ లోపం లేదు. తర్వాత నడకలో ఒక చెయ్యి ఊగడం మానేసింది, సంతకం చీమల బారులా చిన్నదైపోయింది. ఒక ఆస్పత్రిలో వయసు మీద పడిందని చెప్పి గ్యాస్ మాత్రలు రాసి పంపేశారు. చివరికి గుణుపూర్ రైల్లో విశాఖ తీసుకెళ్తే అక్కడ న్యూరాలజిస్టు అది పార్కిన్సన్స్ అని చెప్పారు.

ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. డాక్టరు ఒడియాలోనో హిందీలోనో అడుగుతారు, పెద్దవాళ్ళకి తెలుగు తప్ప రాదు, మధ్యలో కొడుకో మనవడో చెప్పాలి. అమ్మ తన బాధంతా వరసగా చెప్పుకుంటే "నడుం నొప్పట సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తిండి రుచించట్లేదు, విరేచనం సాఫీగా కావట్లేదు, నిద్రలో కేకలేసి కాళ్ళు విసురుతోంది అన్నవి చిన్న విషయాలని వదిలేస్తారు. ఈ జబ్బుని ముందే పట్టించే ఆనవాళ్ళు సరిగ్గా అవే!

అలాగని రుచి పోయిన ప్రతివాళ్ళూ టెన్షన్ పడక్కర్లేదు. జలుబు, సైనస్, కోవిడ్, పొగాకు, కొన్ని మందులు, ఒంట్లో జింకు తగ్గడం, ఊరికే వయసు, వీటిలో దేనివల్లయినా అలా అవుతుంది. కానీ నెలల తరబడి అలాగే ఉండి, పైన చెప్పినవి కూడా తోడైతే మాత్రం చూపించుకోవాలి. జబ్బుని ఆపే మందు ఇంకా రాలేదు, నిజమే. లెవోడోపా లాంటి మందులు లక్షణాలని బాగా అదుపు చేస్తాయి, వ్యాయామం చాలా మేలు చేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఏళ్ళ తరబడి వేరే జబ్బులకి మందులు మింగే బాధ తప్పుతుంది.

అధికారులని నేను అడిగేది పెద్ద ఖర్చున్న పని కాదు. బీపీ, షుగర్ గురించి అడగడానికి ఇంటికొచ్చే ఆశా కార్యకర్తల చేత అరవై దాటినవాళ్ళని వాసన, రుచి తెలుస్తున్నాయా అని కూడా అడిగించండి, కాస్త కాఫీపొడి, నిమ్మతొక్క వాసన చూపిస్తే చాలు. సరిహద్దు ఆస్పత్రుల ఓపీలో తెలుగు వచ్చినవాళ్ళని ఒక్కరినైనా కూర్చోబెట్టండి. మీ పత్రిక కూడా వచ్చే ఏప్రిల్లో వణుకు కంటే ముందు కనిపించేవాటి గురించి ఒక పేజీ ఇవ్వాలి.

ఈలోగా ఇళ్ళల్లో ఒకటి చెయ్యండి. వాసన తెలియని పెద్దవాళ్ళకి గ్యాస్ లీకైనా తెలియదు, కూర పాడైనా తెలియదు. వాళ్ళు ఒంటరిగా వండుకుంటుంటే రాత్రి రెగ్యులేటర్ కట్టేశారో లేదో ఇంకొకరు చూడాలి, ఫ్రిజ్‌లో నిన్నటి కూర ఉంటే మీరే వాసన చూసి పెట్టాలి.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా