మా ట్రైలర్‌లో ఓవెన్ ఎందుకు ఆపామంటే

లంబసింగి పక్కన చెరువులవేనం దగ్గర మంచు చూసి, అలవాటుగా మా టిఫిన్ల ట్రైలర్ దగ్గర ఆగి, "ఈరోజు బన్నులు లేవండి" అన్న మాట విని వెళ్ళిపోయినవాళ్ళు ఈ సీజన్‌లో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఏటా లంబసింగి వచ్చేవాళ్ళూ ఉన్నారు. పొద్దుటి రద్దీలో కౌంటర్ దగ్గర నిలబడి అంతా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఓవెన్ ఆపేశాం. ఇడ్లీ, ఉప్మా, ఆమ్లెట్, చోడి (రాగి) అంబలి, కాఫీ ఎప్పటిలాగే ఉంటాయి. బన్నులు, చోడి కేకు, స్ట్రాబెర్రీ కేకు మాత్రం సంక్రాంతి వెళ్ళేదాకా ఉండవు.

చలికి గ్యాస్ రావడం లేదా, పిండి పొంగడం లేదా అని అడుగుతున్నారు. ఆ ఇబ్బందులు ఉన్నాయి గానీ మాకు కొత్త కాదు. మనకొచ్చే గ్యాస్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరి కావడానికి మొరాయిస్తుంది. పైగా గ్యాస్ వాడేకొద్దీ సిలిండర్ తనంతట తానే ఇంకా చల్లబడుతుంది. తెల్లవారుజామున ఓవెనూ పొయ్యిలూ ఒకేసారి వెలిగిస్తే సిలిండర్ కింది సగానికి ముందు చెమట పడుతుంది, కాసేపటికి తెల్లగా మంచు పేరుకుంటుంది, మంట కుంగిపోతుంది. అందుకే 19 కిలోల సిలిండర్లు రెండు కలిపి పెట్టుకున్నాం, భారం పంచుకుంటాయని. పిండిని రాత్రంతా, వేడి పోకుండా, ఐస్‌బాక్స్‌లో వేడినీళ్ళ గిన్నె పక్కన ఉంచుతాం. ఇవన్నీ అలవాటైన పనులే.

ఇంత చలిలో కిటికీలు తెరిచే ఎందుకు ఉంచుతారని కూడా చాలామంది అడిగారు. మూసేసిన చిన్న గదిలో గ్యాస్ మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనకు తెలియనే తెలియదు. చలి భరించలేకపోతే శాలువా కప్పుకుంటాం గానీ కిటికీ మూయం. కాబట్టి ఓవెన్ వేడిని కాస్తయినా నిలబెట్టాల్సింది ట్రైలర్ గోడలే. అసలు గొడవ అక్కడే వచ్చింది.

ఈ ట్రైలర్‌ని విశాఖలో ఒకాయన దగ్గర చేయించాం. ఓవెన్ వైపు గోడలో రాక్‌వూల్ (రాతితో చేసే, మంటకు అంటుకోని దూదిలాంటిది), మిగతా వైపులా 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక) అని కాగితం మీద రాసుకున్నాం. అడిగినంతా ఇచ్చాం, ఒక్క రూపాయి బేరమాడలేదు. మొన్న డిసెంబరులో బాగా చలి పడిన ఒక పొద్దున ఓవెన్ ఎంతకీ 200 డిగ్రీలు ఎక్కలేదు. మంట పెంచి ఇంకాసేపు ఉంచాం. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. వెంటనే ఆపి, చల్లారాక మా ఆయన స్క్రూలు విప్పి లోపలి రేకు తీశారు.

లోపల రాక్‌వూల్ లేదు. కొత్త టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ ఉంది. ఓవెన్ వెనక ఉన్న ముక్క కరిగి, ముడుచుకుపోయి, పసుపు రంగు జిగురులా రేకుకు అంటుకుపోయింది. నడుమ చెయ్యి పట్టేంత గుంట. థర్మాకోల్ వంద డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అంటుకుంటే నల్లటి పొగ కమ్ముకుంటుంది. రాత్రి మా పిల్లలతో సహా మేం పడుకునేది ఆ గోడ పక్కనే.

ట్రైలర్ చేసినాయనకి ఫోన్ చేస్తే, "అందరికీ అదే వేస్తాం మేడమ్, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. తర్వాత, రాక్‌వూల్ ఆ నెలలో దొరకలేదన్నాడు. ఆ తర్వాత, కొండమీద వాడతారని మీరు చెప్పలేదన్నాడు. మొదటి రోజు నేను నోరు తెరిచి చెప్పిన మొదటి మాటే లంబసింగి. కాగితం మీద కూడా ఉంది. డబ్బు పోయినా ఇంత బాధ ఉండేది కాదు. నేనే అబద్ధం చెబుతున్నానన్నట్టు మాట్లాడాడు. అది ఇంకా మనసులోంచి పోవడం లేదు. మళ్ళీ థర్మాకోల్ వేసి మీద ఫాయిల్ చుడతాను, ట్రైలర్ పంపించమన్నాడు. పంపలేదు, పంపను.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన విషయం. నర్సీపట్నం నుంచి బన్నులు తెప్పించి పెనం మీద వేడి చేసి ఇవ్వండి, ఎవరికి తెలుస్తుంది అన్నారు మావాళ్ళే. మాకు ఏడాది సంపాదన నవంబరు నుంచి జనవరి లోపే. బన్నులు చుట్టే అమ్మాయికి జీతం ఆపలేను. లెక్కలు వేసుకుంటే వాళ్ళు చెప్పిందే న్యాయంగా కనిపించింది. "ఇవి బయట బేకరీవి" అని బోర్డు పెట్టి అమ్మితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. బోర్డు రాయించాను కూడా. మర్నాడు దాన్ని కౌంటర్ మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. మీరు వర్షంలా కురిసే మంచులో వణుకుతూ నిలబడేది ఇక్కడే పొంగి ఇక్కడే కాలిన బన్ను కోసం. నేను చేయనిది నా కౌంటర్ మీద ఉండదు. మొండితనం అంటే అనండి. గ్యాస్ మిగుల్చుకోవడానికి ఓవెన్ ఆపామని ఒకాయన అందరి ముందూ అన్నారు, ఆయన కూడా ఇది చదవాలని కోరుకుంటున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇడ్లీల దగ్గర ఉంది, జీతం మామూలే. కేకులకు అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకు డబ్బు ఫోన్‌లోనే వెనక్కి పంపించాం. ఇంకా అందనివాళ్ళు మెసేజ్ పెట్టండి, అదే రోజు పంపుతాను. రాక్‌వూల్, సిమెంట్ బోర్డు మేమే కొన్నాం. ట్రైలర్ మొత్తం ఖాళీ చేస్తే తప్ప పని జరగదు కాబట్టి సంక్రాంతి జనం తగ్గాక ఇక్కడి వెల్డర్‌తోనే చేయిస్తాం. ఆ తర్వాత కూడా చలి రోజుల్లో మొదటి ట్రే ఎనిమిది దాటాకే వస్తుంది. ఓవెన్‌ని నిదానంగా వేడెక్కించాలని నిర్ణయించుకున్నాం, దయచేసి తొందరపెట్టకండి.

రాక్‌వూల్ పెట్టాక ఒక రోజంతా రేకు బిగించకుండా ఉంచుతాను. గోడలో ఏముందో చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా వచ్చి చూడొచ్చు.