పంజాబీ నేర్చుకో నాన్నా

చిరంజీవి చిన్నాకు,
అమ్మ దీవెనలు.

నీ గదిలో ఉండే లూధియానా అబ్బాయి, లాహోరు అబ్బాయి అర్ధరాత్రి దాకా పంజాబీలో కబుర్లు చెప్పుకుంటారనీ, ఒకరు రాసింది మాత్రం మరొకరు చదవలేరనీ చెప్పావు కదా. అప్పటి నుంచి నా మనసు మీ గదిలోనే ఉంది. ఇటువైపు వాళ్లది గురుముఖి. సిక్కుల రెండో గురువు అంగద్ దేవ్ పదహారో శతాబ్దంలో తీర్చిదిద్దిన లిపి. అటువైపు వాళ్లు పారశీక అక్షరాలతో కుడి నుంచి ఎడమకు రాస్తారు, దాన్ని షాముఖి అంటారు. 1947కు ముందు ఈ రెండు రాతలూ ఒకే బజారులో కనిపించేవి. సరిహద్దు గీశాక ఒక్కో లిపి ఒక్కో దేశానికి పరిమితమైపోయింది.

లాహోరు అబ్బాయికి బడిలో పంజాబీ నేర్పలేదని ఆశ్చర్యపోయావు. పాకిస్తాన్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి అదే ఇంటి భాష. అయినా బడిలో ఉర్దూ, పెద్ద కొలువుల్లో ఇంగ్లీషు. మన దేశంలోనూ దానికి దారి సుగమం కాలేదు. పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం తర్వాత 1953లో మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పంజాబీవాళ్లు తమ భాషకొక రాష్ట్రం కోసం 1966 నవంబరు 1 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఈలోగా జనాభా లెక్కల వాళ్లు వస్తే, పంజాబీ తప్ప మరో భాష మాట్లాడని హిందువులు ఎందరో తమ మాతృభాష హిందీ అని రాయించుకున్నారు. భాషకు మతం అంటగట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. షేక్ ఫరీద్ ముస్లిం సూఫీ, ఆయన సమాధి ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పాక్‌పట్టన్‌లో ఉంది. ఆయన శ్లోకాలు వందకు పైగా సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. ఇంతకన్నా ఏం చెప్పాలి?

మీ నాన్నగారు జలంధర్ కంటోన్మెంటులో ఉన్న రోజుల్లో నాకు ఆ భాష వీధి తందూరు దగ్గర అబ్బింది. సాయంకాలమయ్యేసరికి ఆడవాళ్లు ఎవరి పిండి వాళ్లు కలిపి తెచ్చుకుని అక్కడ చేరేవారు. సాంఝా చూల్హా అంటారు, అందరి పొయ్యి. రొట్టెలు కాల్చే పెద్దావిడ చేయి మోచేతి దాకా తడుపుకుని, ముద్దను అరచేతుల మధ్య తట్టి, వంగి లోపలి గోడకు ఒక్క చరుపు చరిచేది. కాలేలోగా నా చేత గుర్రం పేరు పలికించేది. రాసేది ఘోడా అనే. పలికేటప్పుడు మాత్రం ఘకారం పోయి కకారం వస్తుంది, గొంతు కిందికి దిగుతుంది. గొంతు దించకుండా కోడా అంటే అది కొరడా. పైకి లేపితే కుష్ఠురోగి! ఈ గుణం హిందీకి లేదు, తెలుగుకు లేదు. గొంతు సరిగా దిగేదాకా ఆవిడ నా రొట్టె నాకు ఇచ్చేది కాదు.

అందుకే చెబుతున్నాను, వాళ్లతో హిందీతో సరిపెట్టుకోకు. వాళ్ల భాష వాళ్ల దగ్గరే నేర్చుకునే అదృష్టం కెనడాలోని బ్రాంప్టన్‌లో, నీ గదిలోనే దొరికింది. గురుముఖికి మూలాక్షరాలు 35, అందుకే దాన్ని పైంతీ అంటారు. గుణింతం వచ్చిన తెలుగువాడికి అదేమంత కష్టం కాదు. హ్రస్వ ఇకారం గుర్తును మాత్రం హల్లుకు ముందు వేస్తారు, అక్కడ తికమకపడకు. షాముఖి నిదానంగా నేర్చుకోవచ్చు.

ఈ ఆదివారం ఆ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టు. లూధియానా అబ్బాయి ఫరీద్ శ్లోకం ఒకటి పైకి చదువుతాడు. ఉర్దూ అక్షరాలు వచ్చు గనుక లాహోరు అబ్బాయి దాన్ని తన రాతలో రాసుకోగలడు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి నాకు ఫోను చేయండి. ముందు నువ్వే చదవాలి, గొంతు ఎక్కడ దించావో నేను వింటాను.

మీ నాన్నగారు కులాసా. చలికి జాగ్రత్త.

ప్రేమతో,
అమ్మ