ప్రెస్ లేకుండా సుత్తితో బిగించిన హెడ్‌సెట్ గురించి ఫిర్యాదు

సర్వీసు విభాగం అధిపతి గారికి,

విషయం: మీ బెంగళూరు సర్వీసు సెంటర్‌లో నా సైకిల్ హెడ్‌సెట్ మార్చిన తీరు, దానివల్ల ఫ్రేముకు జరిగిన నష్టం.

అయ్యా,

ఇంగ్లీషులో ఇప్పటికే రెండు మెయిళ్లు పెట్టాను. రెండింటికీ "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒకే జవాబు వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, హెడ్‌సెట్ అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల సెట్టని తెలియక, చెవులకు పెట్టుకునేది అనుకుని "ఏ మోడల్ సార్, బ్లూటూతా?" అని అడిగారు. మీరు తెలుగువారని సెంటర్‌లో చెప్పారు. అందుకే జరిగింది జరిగినట్టు తెలుగులో రాస్తున్నాను.

నాది హిందూపురం. పీణ్యాలో ఒక మెషిన్ షాపులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. బేరింగులు ఎక్కించడం, దించడం నాకు రోజువారీ పని. అలాంటప్పుడు సైకిల్ మీకెందుకు ఇచ్చానంటే, మీ సెంటర్‌లో కాకుండా బయట విప్పితే ఫ్రేము వారంటీ పోతుందని మీ కాగితం మీదే ఉంది కాబట్టి.

వానల తర్వాత హ్యాండిల్ తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు చప్పుడు వచ్చేది. బేరింగులు పోయాయని నాకు అర్థమైంది. హెడ్‌సెట్‌కు 2,400, కూలి 850 అన్నారు, సరేనన్నాను. అద్దం అవతల కూర్చుని పనంతా చూశాను. ఇక్కడ రాసేవన్నీ కళ్లతో చూసినవే.

బేరింగులు కూర్చునే పాత కప్పులు తీయడానికి మీ కుర్రాడు హెడ్ ట్యూబులోకి, అంటే ఫ్రేము ముందు గొట్టంలోకి, పొడుగాటి స్క్రూడ్రైవర్ దూర్చి, కప్పు అంచు మీద ఒక పక్కన, తర్వాత ఇంకో పక్కన కొట్టాడు. ఈ పనికి కప్ రిమూవర్ అని ఉంటుంది. ఒక చివర నాలుగుగా చీలి, ఆ చీలికలు బయటికి విచ్చుకుని ఉండే గొట్టం అది. లోపలికి లాగితే చీలికలు కప్పు వెనక విచ్చుకుని అంచును చుట్టూ పట్టుకుంటాయి. దాన్ని కూడా సుత్తితోనే కొడతారు, ఆ మాట నిజమే. కానీ దెబ్బ అన్ని వైపులా సమంగా పడుతుంది కాబట్టి కప్పు వంకర పోకుండా బయటికొస్తుంది. స్క్రూడ్రైవర్‌తో అలా కుదరదు. నా హెడ్ ట్యూబు లోపల మూడు గాట్లు పడ్డాయి, వేలు పెడితే గోరుకు తగులుతున్నాయి.

అసలు నష్టం కొత్తవి ఎక్కించేటప్పుడు జరిగింది. నా సైకిల్‌ది 34 మిల్లీమీటర్ల కప్పు. ట్యూబు రంధ్రం కంటే కప్పు మిల్లీమీటరులో పదో వంతు దాకా పెద్దదిగా ఉంటుంది. ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే తిన్నగా, నెమ్మదిగా నొక్కుతూ ఎక్కించాలి. మరకడ్డీకి రెండు వైపులా బిళ్లలుండే ప్రెస్ ఉంటుంది. హ్యాండిల్ తిప్పుతుంటే బిళ్ల కప్పు అంచును మాత్రమే తోస్తుంది, బేరింగును ముట్టుకోదు. మీ సెంటర్‌లో కప్పులో బేరింగు ఉండగానే, పైన చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టారు. కప్పు ఎడమకు ఒరిగింది. దాన్ని సరిచేయడానికి కుడి పక్కన కొట్టారు. ప్రతి దెబ్బా బాల్స్ మీదుగా రేసుకు, అంటే బాల్స్ దొర్లే రింగుకు, తగిలింది. మా షాపులో ట్రైనీ ఎవడైనా ఇలా చేస్తే ఆ రోజంతా చీపురు పట్టుకోవాల్సిందే.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద రేసును ఉలితో లేపారు. కొత్తదాన్ని నీళ్ల పైపు ముక్కతో దించారు. పైపు వాడటాన్ని నేను తప్పు పట్టను, కొలత సరిపోతే అదీ పనిముట్టే. కానీ ఆ పైపు వెడల్పు ఎక్కువ, రేసు లోపలి అంచు మీద కాకుండా బేరింగు కూర్చునే వాలు మీద ఆనింది.

మర్నాడు ఆదివారం నంది హిల్స్ ఎక్కాం. దిగేటప్పుడు రెండో మలుపు దగ్గర ముందు బ్రేకు పట్టగానే హ్యాండిల్ కింద టక్కుమంది. తర్వాత ప్రతి మలుపులోనూ అదే. కొండ కిందికి వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. కప్పు చివరిదాకా కూర్చోకపోతే దారిలో కుదుపులకు కాస్తకాస్తగా లోపలికి దిగి బిగువు వదిలేస్తుంది. ఇంటికొచ్చి కింది కప్పు దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. ఎడమ పక్కన 0.3 మి.మీ. సందుంది, కుడి పక్కన ఏమీ లేదు.

మళ్లీ తెస్తే, హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ బోల్టులు వదులు చేయకుండానే పై మూత బోల్టు బిగించారు. స్టెమ్ ఫోర్కును పట్టుకుని ఉండగా పై బోల్టు ఎంత తిప్పినా బేరింగుకు బిగువు చేరదు. ముందు స్టెమ్ వదులు చేయాలి, పైది కొద్దికొద్దిగా బిగిస్తూ ఆట (వదులు) పోయిందో లేదో చూడాలి, ఆఖరున స్టెమ్ బోల్టులు దాని మీద రాసిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించాలి. నేను చెప్పాక అలాగే చేశారు, కానీ ఆట పోవాలని పైది మరీ బిగించేశారు. ఇప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉన్న చోట గాడిలో పడ్డట్టు ఆగిపోతోంది. బాల్స్ రేసులో గుంటలు చేశాయన్నమాట.

మూడోసారి వెళితే మీ మేనేజరు "మీరు గుంతల్లో తొక్కి ఉంటారు, అందుకే ఫ్రేము పోయింది" అన్నారు. బెంగళూరులో గుంతల్లేని రోడ్డు ఎక్కడుందో చెబితే ఇకమీదట అక్కడే తొక్కుతాను. రంధ్రం లోపలి వెడల్పు కొలిచే బోర్ గేజ్‌తో నేను కొలిస్తే కింది రంధ్రం ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ 0.12 మి.మీ. తేడా వచ్చింది, అంటే గుండ్రం తప్పింది.

ఆ కుర్రాడి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. ప్రెస్ లేదా అని అడిగితే, "హెడ్ ఆఫీసుకు రాశామన్నా, ఇంకా పంపలేదు" అన్నాడు. పనిముట్టు ఇవ్వకుండా పని ఒప్పుకున్నది మీ కంపెనీ. నాణ్యమైన ప్రెస్ ఖరీదే, కాదనను. అది వచ్చేదాకా ఎస్పీ రోడ్డులో మరకడ్డీ, నట్లు, మందపాటి వాషర్లు కొని పెట్టుకున్నా పని నడుస్తుంది, నేను మీకు కట్టిన కూలిలో సగం కూడా కాదు.

నా ఎదుటే హెడ్ ట్యూబు కొలిపించండి. రంధ్రం చెడిందని తేలితే ఫ్రేము మార్చండి, కొత్త హెడ్‌సెట్ మీ ఖర్చుతో ప్రెస్ ఉన్న చోట వేయించండి. కట్టిన 3,250 రూపాయలు వెనక్కివ్వండి. ప్రెస్ వచ్చేవరకు ఆ సెంటర్‌లో ఈ పని ఒప్పుకోవద్దని రాతపూర్వకంగా చెప్పండి. 15 రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

పాత కప్పులు చెత్తబుట్టలో వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. స్క్రూడ్రైవర్ గాట్లతో సహా నా దగ్గరే ఉన్నాయి. రమ్మన్న రోజు సైకిల్‌తో పాటు తెస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్
(బిల్లు, జాబ్ కార్డు, ఫోటోలు జతచేశాను)