పాలమూరు, నల్లగొండ పిల్లలకూ అందే వేళలో రాక్ ప్రదర్శనలు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని చిన్న క్లబ్బుల్లో స్వతంత్ర రాక్ బ్యాండ్లు ఇవ్వబోయే ప్రదర్శనల వివరాలు మీ పత్రిక నగర అనుబంధంలో వస్తున్నాయి గాని, మా జిల్లా పేజీల్లో కనిపించడం లేదు. సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలకు మా వైపు పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ కొదవ లేదు. తమ పాటలు తామే రాసుకుని, బాణీ కట్టుకుని, నూరు నూటయాభై మంది పట్టే గదిలో శ్రోతలకు ఎదురుగా నిలబడి వినిపించే బ్యాండ్లను వినాలంటే మాత్రం మా విద్యార్థులు దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణించవలసిందే.

అంత దూరం వెళ్లినా పాట పూర్తిగా వినే యోగం ఉండడం లేదు. గేట్లు ఏడింటికి తెరుస్తామని ప్రకటిస్తారు. సౌండ్ చెక్ సాగి, ముందుగా ఒక కొత్త బ్యాండు వాయించి, అసలు బ్యాండు వేదిక ఎక్కేసరికి తొమ్మిది దాటుతుంది. ఈ క్లబ్బులు ఎక్కువగా జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉండగా, నల్లగొండ బస్సు కోసం ఎల్బీనగర్‌కు, పాలమూరు బస్సు కోసం ఎంజీబీఎస్‌కో ఆరాంఘర్‌కో రావాలి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీనగర్‌లో దిగడానికే సుమారు గంట పడుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు వయసుది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఆ నిబంధన న్యాయమైనదే, దానిని సడలించమని నేను అడగడం లేదు. కాని మద్యం అమ్మే చోటే ప్రదర్శన కూడా జరుగుతున్నందున, పాట కోసమే వచ్చిన డిగ్రీ విద్యార్థులు గుర్తింపు కార్డు చూపించి గేటు దగ్గరి నుంచే వెనుదిరగవలసి వస్తోంది. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలో డిగ్రీ చదివేవారిలో అత్యధికులు ఆ వయసులోపు వారే.

ఆదివారం మధ్యాహ్నం బార్ మూసి, మూడింటి నుంచి ఆరింటి వరకు ప్రదర్శన పెడితే ఈ చిక్కులన్నీ చాలావరకు తీరుతాయి. ఇది వింత కోరిక కాదు. లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్బులో 1961 నుంచి 1963 వరకు బీటిల్స్ బృందం చాలాసార్లు మధ్యాహ్న భోజన విరామంలోనే వాయించింది. ఆ రోజుల్లో ఆ క్లబ్బులో మద్యం అమ్మేవారే కాదు. ఇరుగుపొరుగుకూ ఇదే మేలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ కాగా, రాత్రి పదింటి తర్వాత అది 45కు తగ్గుతుంది. డ్రమ్స్ మోతను ఎంత అదుపు చేసినా రాత్రిపూట ఫిర్యాదులు తప్పవు.

బార్ మూస్తే క్లబ్బుకు ఆదాయం ఎక్కడిదని నిర్వాహకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఎలాగూ ఖాళీగా ఉండే వేళలో గది నిండుతుంది కనుక టికెట్ డబ్బు, చాయ్ సమోసాల అమ్మకం అదనపు రాబడే అవుతుంది. రాత్రి ప్రదర్శన మానుకోమని కూడా ఎవరూ అనడం లేదు. అదే బ్యాండు అదే సామగ్రితో రెండోసారి వాయించవచ్చు.

రాక్ సంగీతం మన ఊళ్ల పిల్లలకెందుకనే పెద్దలు మా వీధిలోనే ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పాడి 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య గారు మన ఉమ్మడి పాలమూరువారే అని వారికి గుర్తు చేయవలసి వస్తోంది. వాద్యం మారినంత మాత్రాన సొంత పాట పాడుకోవాలన్న కోరిక పరాయిదైపోదు.

నిర్వాహకులు తమ ప్రకటనల్లో గేట్లు తెరిచే వేళతో పాటు అసలు బ్యాండు వేదిక ఎక్కే వేళను, వయసు నిబంధనను స్పష్టంగా ముద్రించాలి. మీ పత్రిక ఆ వివరాలను నల్లగొండ, మహబూబ్‌నగర్ పేజీల్లో వారం ముందుగా ప్రచురిస్తే, మా విద్యార్థులు ఇంట్లో చెప్పి, తిరుగు బస్సు చూసుకుని బయలుదేరగలుగుతారు.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
నల్లగొండ